ఎడమ చిటికెన వేలు

నీళ్లు పొయ్యొద్దురా అనింది మొగిలమ్మ.
అప్పటికే పోసుకున్నాను.
మోచేతి దాకా జారిన మామిడి సొన
నీళ్లు తగలంగానే తెల్లగా ముద్ద కట్టి
వేళ్ల సందుల్లో కాపురం పెట్టేసింది.

"సొనకి నీళ్లు చుట్టం కాదురా అబ్బోడా,
నూనె చుట్టం.
చెనిక్కాయ నూనె గోరెచ్చగా చేసి రుద్దు.
ఆ మీదట పొయ్యిలో బూడిద.
ఆ మీదట సీకాయ పిండి.
నీళ్లు కట్టకడాకు రావాల,
పిలవని పేరంటానికి వచ్చినట్టు."

కిరసనాయిలు మాత్రం ఒంటికి తాకనియ్యదు.
అది కత్తెరకు.
గెడ చివర కత్తెర రెండు దవడలూ
సొన తాగి తాగి కరుచుకోని
పొద్దుటి నుంచి నోరు తెరవలేదు.
పాత చీర పేలిక కిరసనాయిల్లో ముంచి
మరమేకు ఊడదీసి, మూలమూలా తోమి,
అంచు మీద ఇటికపొడి చల్లి
దాంతో మాట్లాడతా ఉంటాది మొగిలమ్మ:
"తెరువు నాయనా, తెరువు,
మేస్త్రి చూస్తే నా కూలీలో పట్టుకుంటాడు."

దామలచెరువు మండీకి బండి నాలుగ్గంటలకు.
తోతాపురి కాయల్ని తొడిమ కిందికి పెట్టి
గడ్డి మీద బోర్లిస్తే
చంటిపిల్ల ఉచ్చ పోసుకున్నట్టు
ఒక్కో కాయా తన సొన తానే కార్చుకుంటాది.
కాయ మీద చుక్క పడిందా,
రెండో రోజుకి నల్లమచ్చ, కేజీకి రూపాయి కోత.
మనిషి మీద పడితే కోత లేదు, లెక్కా లేదు.
మొగిలమ్మ మెడ మీద, కుడి చెంప మీద
ఇరవై రెండు కాపులు
మచ్చలు మచ్చలుగా రాసుకోని ఉండాయి.

శనివారం రేషన్ బియ్యానికి పొయినాము.
డీలరు ధనంజయులు మిషను ముందుకు తోసినాడు.
కుడి బొటనవేలు. కుయ్ మనింది.
చూపుడు వేలు. కుయ్.
తుడుచుకో మే, అన్నాడు.
కొంగుకు తుడిచింది, గోనెసంచికి రుద్దింది,
ఎనక నిలబడినోళ్లు నవ్వితే తనూ నవ్వింది.
"సర్వరు బాగానే ఉండాది,
నీ వేలే లేదంటా ఉండాది మే."

వేలుండాది.
ఎండిన సొన దాని మీద
ఇంకో తోలు మాదిరి కూర్చోనుండాది.

ఆ రాత్రి నూనె, బూడిద, చింతపండు,
టెంకాయ పీచు, మళ్లీ నూనె.
సొన పొయింది.
దాంతో పాటు పోవాల్సినది కానిదీ పొయింది.
సెల్లు లైటు వేసి చూసినాను:
గీతలు ఉండాల్సిన చోట ఎర్రగా, నున్నగా,
ఇప్పుడే అలికిన అరుగు.
ఎన్ని లారీల కాయ ఆ చేతుల మీదుగా దిగిందో
చెప్పను ఒక్క గీతైనా మిగల్లేదు.
"మంట పుడతా ఉందా?" అంటే
"రేపు యే వేలు పెట్టేది?" అనింది.

ఆదివారం మళ్లీ.
కుడి చేతివి అయిదూ కుయ్.
ఎడమ చేతివి నాలుగు, కుయ్, కుయ్.
మిగిలింది చిటికెన వేలు.
గెడ పట్టుకునేటప్పుడు అదెప్పుడూ
పక్కకు లేచి నిలబడి ఉంటాది,
కాఫీ గ్లాసు పట్టిన దొరసాని వేలు మాదిరి.
సొన ఎరగదు. కత్తెర ఎరగదు.
మిషను దాన్ని చూసి
కొంచేపు ఆలోచన చేసి
పచ్చగా వెలిగింది.

ముగ్గురికీ పదహైదు కేజీలు.
"సోంబేరిది, ఇదే కూడు పెట్టింది చూడు!"
అని ఆ వేలికి ముద్దు పెట్టుకునింది మొగిలమ్మ,
డీలరు ముందరే.

సోమవారం తెల్లారి తోట గేటు కాడ
తొమ్మిది వేళ్లకూ ఎప్పటి లెక్కనే నూనె పూసుకునింది.
పదో దానికి
మనవరాలి పాత రిబ్బను చుట్టి
పంటితో ముడి బిగించింది.

"వచ్చే నెల బియ్యం" అనింది,
గెడ ఎత్తతా.